పరుగు – చర్మరక్షణ

వేకువజామున జిల్లా కేంద్రంలోని ఏ క్రీడామైదానానికి వెళ్లినా, చీకటి విడవకముందే పరుగు మొదలుపెట్టిన యువతీయువకులు కనిపిస్తారు. వారిలో పోటీలకు సాధన చేసే క్రీడాకారులు కొందరు. ఆరోగ్యం కోసం పరుగెత్తేవారు కొందరు. పోలీసు శాఖలోనో సైన్యంలోనో చేరాలనే పట్టుదలతో వచ్చేవారు మరికొందరు. తెలంగాణలో 2022లో ప్రకటించిన కానిస్టేబుల్ నియామకాలలో పురుషులకు 1600 మీటర్ల పరుగు, స్త్రీలకు 800 మీటర్ల పరుగు దేహదారుఢ్య పరీక్షలో భాగం. నిర్ణీత కాలంలో ఆ దూరాన్ని దాటలేనివారు చదువులో ఎంత ప్రతిభావంతులైనా ఆ ఉద్యోగానికి ముందడుగు వేయలేరు.

ఇటువంటి సాధనలో అందరి దృష్టీ కాళ్ల బలం మీద, ఊపిరి నిలుపుకోవడం మీద ఉంటుంది. చర్మాన్ని గురించి ఆలోచించేవారు అరుదు. కొద్దిరోజులు పరుగెత్తిన తరువాత ఒకనాడు తొడల లోపలివైపు సన్నగా మంట మొదలవుతుంది. మొదటిరోజు ఆ చోటు ఎర్రబడుతుంది. రెండవరోజు స్నానం చేస్తుండగా నీళ్లు తగలగానే భగ్గుమంటుంది. మూడవరోజుకు పైపొర లేచిపోయి, కాళ్లు ఎడంగా వేసి నడవవలసిన స్థితి వస్తుంది. గాయం ఉన్న చోటు ఎవరికీ చూపించుకోదగినది కాదు. నోరు తెరిచి చెప్పుకోవడానికి సిగ్గు. దానితో సాధన ఆగిపోతుంది. కండరం అలసిపోలేదు, ఎముక విరగలేదు. అయినా పరుగు నిలిచిపోయింది.

ఈ బాధకే ఒరిపిడి అని పేరు. చర్మం చర్మంతో గాని, వస్త్రంతో గాని పదేపదే రాసుకోవడం వల్ల కలిగే గాయమిది. వ్యవహారంలో ‘తొడలు ఒరుసుకుపోయాయి’, ‘చంక రాసుకుపోయింది’ అంటారు. కొత్త చెప్పులవల్ల పాదానికి పుండు పడితే ‘చెప్పు కరిచింది’ అంటారు. మాటలు వేరైనా కారణం ఒక్కటే. ఆ కారణాన్ని అర్థం చేసుకుంటే నివారణ సులభమవుతుంది.

మానవ చర్మంలో ప్రధానంగా రెండు భాగాలున్నాయి. పైన ఉండేది బాహ్యచర్మం, దాని కింద ఉండేది అంతశ్చర్మం. రక్తనాళాలు, నాడుల చివరలు, స్వేదగ్రంథులు అంతశ్చర్మంలో నెలకొని ఉంటాయి. బాహ్యచర్మానికి అన్నింటికన్నా పైన మృతకణాల పొర ఒకటి ఉంటుంది. ఇటుకలు పేర్చినట్లు ఒకదానిపై ఒకటి అమరిన ఈ కణాలే శరీరానికి కోటగోడ. అరచేతులలో, అరికాళ్లలో ఈ పొర దళసరిగా ఉంటుంది. తొడల లోపలి భాగం, గజ్జలు, చంకలు వంటి చోట్ల మాత్రం దాని మందం మిల్లీమీటరులో వందో వంతుకు కాస్త అటూఇటూగా ఉంటుంది. పై కణాలు రాలిపోతూ ఉంటే, అడుగునుంచి కొత్త కణాలు పుట్టి పైకి వస్తూ ఉంటాయి. రాలే వేగం పుట్టే వేగాన్ని మించినప్పుడు కోటగోడకు గండి పడుతుంది. లోపలి నాడుల చివరలు బయటి స్పర్శకు లోనై మంట పుడుతుంది.

పరుగులో ఆ వేగం ఎందుకు మించుతుందో చిన్న లెక్క వేసి చూడవచ్చు. పరుగెత్తే మనిషి నిమిషానికి సుమారు 160 నుంచి 180 అడుగులు వేస్తాడు. అంటే గంట పరుగుకు దాదాపు 10,000 అడుగులు. అడుగు వేసిన ప్రతిసారీ ఒక తొడ మరొక తొడను దాటిపోతుంది. చేయి ఊగిన ప్రతిసారీ చంక కింద చొక్కా కుట్టు కదులుతుంది. ఒక్కసారి రాసుకుంటే ఏమీ కాదు. అదే చోట, అదే దిశలో పదివేలసార్లు రాసుకుంటే మృదువైన బట్ట అయినా ఆకురాయి వలె పనిచేస్తుంది.

దీనికి చెమట తోడవుతుంది. తడి చర్మం నునుపుగా జారుతుందని చాలామంది అనుకుంటారు. వాస్తవం అందుకు విరుద్ధం. చెమ్మగిల్లిన చర్మం పొడి చర్మం కన్నా మెత్తబడి, ఎదుటి తలానికి అంటుకొని, ఎక్కువ ఘర్షణకు లోనవుతుంది. చాలాసేపు నీటిలో నానిన వేళ్ల చర్మం ఎంత బలహీనమవుతుందో అందరికీ తెలిసినదే. పైగా చెమటలో ఉప్పు ఉంటుంది. నీరు ఆవిరైపోయిన తరువాత ఆ ఉప్పు సన్నని పలుకులుగా చర్మం మీద, బట్ట మీద మిగిలి రాపిడిని పెంచుతుంది. గాలి పొడిగా ఉంటే చెమట త్వరగా ఆరిపోతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాలలో గాలిలో తేమ అధికం కాబట్టి చెమట ఆరక ఒంటిమీదనే నిలుస్తుంది. ఆగస్టు నెలలో జరిగే హైదరాబాదు మారథాన్ వంటి పరుగులలో చెమటకు వానతడి కూడా తోడు కావచ్చు. రాపిడి, తడి, ఉప్పు అనే ఈ మూడూ కలిసినప్పుడు ఒరిపిడి ఎక్కువవుతుంది.

ఒరిపిడి సన్నగా ఉన్నవారికి రాదని, లావుగా ఉన్నవారికే వస్తుందని ఒక అపోహ ఉంది. తొడలు దగ్గరగా ఉన్నవారికి అవకాశం కొంత ఎక్కువే గాని, బట్ట కుట్లు, నడుము పట్టీ, వీపు సంచి పట్టీలు ఎవరినీ విడిచిపెట్టవు. దూరపు పరుగులలో పురుషులకు చనుమొనలు చొక్కాకు రాసుకొని రక్తం రావడం తరచుగా కనిపించేదే. స్త్రీలకు లోదుస్తుల అడుగు పట్టీ వెంట, భుజాల మీద ఒరుపు పడుతుంది. నెలసరి రోజులలో ప్యాడు అంచులు తడిసి తొడలను కోయడం మరొక బాధ. కాబట్టి ఒరిపిడి దేహలోపమూ కాదు, శుభ్రత లేదనడానికి గుర్తూ కాదు. అది పరుగెత్తే ప్రతి శరీరానికీ ఎదురయ్యే భౌతికధర్మం.

‘ఇంత చిన్న గాయానికి ఇంత విచారమెందుకు?’ అని ఎవరికైనా అనిపించవచ్చు. దీనికి చరిత్రలో ఒక విషాదకరమైన సమాధానం ఉంది. 1924లో అమెరికా అధ్యక్షుడుగా ఉన్న కాల్విన్ కూలిడ్జ్ చిన్న కుమారుని పేరు కూడా కాల్వినే. అప్పుడతనికి 16 ఏళ్లు. ఆ సంవత్సరం జూన్ నెలాఖరున అతడు శ్వేతసౌధం ఆవరణలో మేజోళ్లు లేకుండా బూట్లు తొడుక్కొని టెన్నిస్ ఆడాడు. బూటు రాపిడికి కుడికాలి వేలిమీద బొబ్బ లేచింది. అది లెక్కించదగిన గాయంగా ఎవరికీ తోచలేదు. రెండు మూడు రోజులలోనే జ్వరం వచ్చింది. బొబ్బ ద్వారా ప్రవేశించిన సూక్ష్మక్రిములు రక్తంలో వ్యాపించాయి. దేశంలోని గొప్ప వైద్యులు అందుబాటులో ఉన్నా ఫలితం లేకపోయింది. జూలై 7న ఆ బాలుడు మరణించాడు. అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొన్నది 1928లో. ఈనాడు అటువంటి దుర్ఘటనలు అత్యంత అరుదు. మందులున్నాయి, వైద్యశాలలున్నాయి. అయినా కోటగోడకు గండి పడినప్పుడు శత్రువు ప్రవేశించే మార్గం మాత్రం నాటికీ నేటికీ ఒక్కటే. గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తెచ్చుకోకూడదని తెలుగువారి సామెత.

నివారణలో మొదటి మెట్టు వస్త్రధారణ. రోజువారీ జీవితంలో నూలుబట్ట మన వాతావరణానికి ఎంతో అనుకూలమైనది. పరుగులో మాత్రం అది చెమటను పీల్చి తనలోనే ఉంచుకొని, బరువెక్కి, చర్మాన్ని రాస్తుంది. చెమటను బయటివైపుకు లాగి త్వరగా ఆరిపోయే పాలిస్టరు వంటి పలుచని క్రీడావస్త్రాలు దూరపు పరుగుకు మేలు. తొడలు ఒరుసుకొనేవారు వదులు లాగు లోపల, తొడ సగం వరకు ఒంటిని అంటిపెట్టుకొని ఉండే సాగే లాగు ధరిస్తే చర్మానికి చర్మం తగలదు. రాపిడి బట్టకూ బట్టకూ మధ్యనే జరుగుతుంది. స్త్రీలు తమ కొలతకు సరిపోయి, కదలకుండా నిలిచే క్రీడా లోదుస్తులు ఎంచుకోవాలి. మరీ వదులైన బట్ట ముడతలు పడి రాస్తుంది. మరీ బిగువైనది కోస్తుంది. బట్ట కొనేముందు దానిని తిరగవేసి లోపలి కుట్లను వేలితో తడిమి చూడాలి. వేలికి గరుకుగా తగిలిన కుట్టు పదివేల అడుగుల తరువాత తొడకు ఎలా తగులుతుందో ఊహించుకోవచ్చు. ఖరీదైన దుస్తులు కొనలేనివారు దిగులుపడనక్కరలేదు. ఉన్న బట్టనే ప్రతిరోజూ ఉతికి, సబ్బు మిగలకుండా జాడించి, పూర్తిగా ఆరిన తరువాత తొడుక్కుంటే సగం బాధ తప్పుతుంది. నిన్నటి చెమట ఉప్పుతో బిరుసెక్కిన లాగును నేడు మళ్లీ తొడుక్కోవడం వసతిగృహాలలోని విద్యార్థులు సాధారణంగా చేసే పొరపాటు.

రెండవ మెట్టు పూత. బండి ఇరుసుకు కందెన వేసినట్లే, రాసుకొనే చోట్లకు పరుగుకు ముందు జిడ్డుపూత వేయాలి. ఇందుకు ఎక్కువగా వాడేది పెట్రోలియం జెల్లీ. దీని పుట్టుక కూడా ఆసక్తికరమైనదే. 1859లో రాబర్ట్ చీస్‌బ్రో అనే యువ రసాయనవేత్త అమెరికాలోని పెన్సిల్వేనియాలో కొత్తగా తవ్విన చమురుబావులను చూడబోయాడు. తోడుయంత్రాల కడ్డీలకు పట్టిన మైనం వంటి మడ్డిని అక్కడి కూలీలు కోతలకు, కాలిన గాయాలకు పూసుకోవడం గమనించాడు. దానిని శుద్ధిచేసే పద్ధతి కనిపెట్టి 1872లో వాసెలిన్ అనే పేరుతో పేటెంటు పొందాడు. ఈ పదార్థంలో గాయాన్ని మాన్పే మందేమీ లేదు. చర్మం మీద పలుచని తెరగా నిలిచి రాపిడిని తగ్గిస్తుంది. లోపలి తేమను కాపాడుతుంది. దాని ప్రయోజనమంతా అందులోనే ఉంది. మన ఇళ్లలో వాడే కొబ్బరినూనె కూడా కొంతసేపు ఉపకరిస్తుంది గాని, వేడికి పలుచనై త్వరగా జారిపోతుంది. పౌడరు తక్కువసేపటి పరుగుకు సరిపోవచ్చు. చెమట ఎక్కువైనప్పుడు అది తడిసి ఉండలు కట్టి తానే రాపిడికి కారణమవుతుంది. రెండు గంటలకు మించి పరుగెత్తేవారు పూతను మధ్యలో మరొకసారి వేసుకోవాలి. చనుమొనలకు చిన్న అంటుపట్టీ వేసుకోవడం దూరపు పరుగు చేసేవారిలో వాడుకగా ఉంది.

మూడవది పాదరక్షణ. పాదాలు పగటిపూట కొంత ఉబ్బుతాయి కాబట్టి బూట్లు సాయంత్రం వేళ కొనడం మంచిది. నిలబడినప్పుడు పొడవైన వేలికి, బూటు కొసకు మధ్య బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మేజోళ్లు పొడిగా, ముడతలు లేకుండా ఉండాలి. కొత్త బూట్లను పోటీరోజున మొదటిసారి తొడగరాదు. 1960లో రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌కు వచ్చిన ఇథియోపియా వీరుడు అబెబె బికిలాకు అక్కడ లభించిన బూట్లు కాళ్లకు సరిగా అమరలేదు. వట్టికాళ్లతో సాధన చేసి ఉన్న ఆయన వట్టికాళ్లతోనే 42.195 కిలోమీటర్లు పరుగెత్తి స్వర్ణపతకం గెలుచుకున్నాడు. 1964లో టోక్యోలో బూట్లు ధరించి మళ్లీ గెలిచాడు. బూట్లు అనవసరమని ఈ ఉదంతానికి అర్థం కాదు. సాధనలో అలవాటైనదే పరీక్షలో మేలు చేస్తుందని మాత్రమే దీనినుంచి గ్రహించాలి. పూతకైనా, బట్టకైనా, బూటుకైనా ఈ నియమం వర్తిస్తుంది. దూరాన్ని క్రమక్రమంగా పెంచుకుంటూ పోతే పాదాల చర్మం కూడా దళసరెక్కి రాపిడిని తట్టుకోవడం నేర్చుకుంటుంది.

పరుగు ముగిసిన తరువాత చేసే పనులకు కూడా నివారణలో స్థానముంది. తడిసిన బట్టలతోనే కబుర్లు చెబుతూ కూర్చోవడం, వాటితోనే బస్సెక్కి ఇంటికి రావడం చర్మాన్ని నానబెట్టడమే. వీలైనంత త్వరగా స్నానం చేసి, చర్మపు ముడతలలో తడి లేకుండా మెత్తని తువాలుతో అద్దుకొని, పొడిబట్టలు కట్టుకోవాలి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక్కొక్కసారి ఒరిపిడి తప్పకపోవచ్చు. అప్పుడు మొదట చేయవలసినది రాపిడిని ఆపడం. గాయాన్ని గోరువెచ్చని శుభ్రమైన నీటితో, ఘాటులేని సబ్బుతో సున్నితంగా కడగాలి. రుద్దకుండా మెత్తని బట్టతో అద్ది ఆరనివ్వాలి. ఆ తరువాత పెట్రోలియం జెల్లీ పలుచగా పూయాలి. చర్మం లేచిపోయి చెమ్మ ఊరుతున్నట్లయితే, పుండుకు అంటుకోని గాజుగుడ్డతో కప్పాలి. వదులైన నూలుబట్టలు ధరించాలి. పరుగులో దోషంగా చెప్పిన నూలుబట్టే విశ్రాంతిలో గుణంగా మారుతుంది. పైపైన ఒరుసుకుపోయిన చర్మం ఇలా చూసుకుంటే కొద్దిరోజులలోనే మానిపోతుంది. మానేవరకు పరుగుకు విరామమిచ్చి, రాపిడి లేని వ్యాయామాలు చేసుకోవచ్చు. నాలుగు రోజుల విశ్రాంతికి ఒప్పుకోనివారు తరువాత నాలుగు వారాలు కోల్పోయే ప్రమాదముంది.

బొబ్బ లేచినప్పుడు దానిని చిదమరాదు. బొబ్బమీది చర్మమే లోపలి పచ్చిపుండుకు సహజమైన కట్టు. అది చిన్నదైతే మెత్తని పట్టీతో కప్పి వదిలివేయాలి. పెద్దదై అడుగు వేయనీయకపోతే ఆరోగ్య కేంద్రంలో శుద్ధిచేసిన సూదితో అంచున నీరు తీయించుకోవాలి. పైచర్మాన్ని మాత్రం ఊడబెరకకూడదు. మధుమేహం ఉన్నవారు కాలి బొబ్బకు సొంతవైద్యం ఎన్నడూ చేసుకోరాదు.

చేయకూడని పనులు మరికొన్ని ఉన్నాయి. పచ్చిగాయం మీద స్పిరిటుగాని, నీరు కలపని క్రిమిసంహారక ద్రవాలుగాని పోస్తే క్రిములతో పాటు మానుతున్న కొత్త కణాలు కూడా దెబ్బతింటాయి. మంట పుడితేనే మందు పనిచేస్తున్నదనే నమ్మకం సరికాదు. సున్నం, కాఫీపొడి, పళ్లపేస్టు వంటివి పుండుకు హాని చేస్తాయి. వంటింటి డబ్బాలోని పసుపు శుద్ధిచేసిన మందు కాదు; పచ్చిపుండు మీద దానిని చల్లకపోవడమే క్షేమం.

వీటన్నింటికన్నా ప్రమాదకరమైనది మందుల దుకాణంలో పేరు అడిగి తెచ్చుకొనే పూతమందు. గజ్జలలో, తొడలలో వచ్చే ప్రతి ఎరుపూ ఒరిపిడి కాదు. తామర కూడా ఆ చోట్లలోనే వస్తుంది. ఒరిపిడి మండుతుంది, రాపిడి ఆపితే తగ్గిపోతుంది. తామర ఎక్కువగా దురద పెడుతుంది. విశ్రాంతి ఇచ్చినా తగ్గక, వలయాకారంలో అంచు తేలి, రోజురోజుకూ విస్తరిస్తుంది. ఈ భేదం తెలియక స్టెరాయిడ్ కలిసిన పూతలు వాడితే రెండు రోజులు దురద తగ్గినట్లే ఉంటుంది. లోపల తామర మాత్రం మరింతగా వేళ్లూనుతుంది. వాడగా వాడగా చర్మం పలుచబడి చారలు పడుతుంది. మన దేశంలో ఈ దురుపయోగం ఎంతగా ప్రబలిందంటే, 2018లో కేంద్ర ప్రభుత్వం అనేక స్టెరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీపైనే అమ్మవలసిన మందుల పట్టికలో చేర్చింది. చట్టం ఉన్నా, సిగ్గుపడి చాటుగా మందు కొనే అలవాటు పోనంతవరకు దాని ప్రయోజనం పరిమితమే.

గాయం చుట్టూ ఎరుపు విస్తరించడం, ముట్టుకుంటే వేడిగా తగలడం, చీము పట్టడం, వాపు పెరగడం, గాయంనుంచి ఎర్రని చార పైకి పాకడం, జ్వరం రావడం వంటి లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయక వైద్యుని వద్దకు వెళ్లాలి. వారంరోజుల విశ్రాంతి తరువాత కూడా మానని గాయాన్ని చూపించి తీరాలి.

ఇక్కడ వైద్యానికి అడ్డుపడేది డబ్బు కన్నా బిడియమే. మోకాలికి దెబ్బ తగిలితే పదిమందికి చూపించే యువకుడు గజ్జలో పుండు పడితే కన్నతల్లికి కూడా చెప్పడు. పరుగు నేర్పే గురువు పురుషుడైతే బాలికల మౌనం మరింత పెరుగుతుంది. వైద్యుని దృష్టిలో మోకాలి చర్మం, తొడ చర్మం ఒక్కటే. బట్ట, పూత, పాదరక్షలను గురించి నాలుగు మాటలు మొదటిరోజునే చెప్పే గురువు, అడగడానికి జంకేవారి కష్టాన్ని ముందే తీర్చినవాడవుతాడు. తాను బాధపడి నేర్చుకున్నదానిని పక్కన పరుగెత్తే కొత్తవారికి చెప్పడం తోటివారి ధర్మం.

పరుగులో గెలుపోటములు సహజం. ఒకరి ఊపిరి నిలుస్తుంది, మరొకరిది చాలకపోవచ్చు. నెలల తరబడి వేకువనే లేచి చేసిన సాధన మాత్రం దాచిపెట్టిన చిన్న గాయం వల్ల వృథా కాకూడదు. ఉతికి ఆరవేసిన బట్ట, చిటికెడు పూత, సంకోచం లేకుండా చెప్పే ఒక్క మాట ఉంటే చాలు, ఆ నష్టం జరగకుండా ఆపవచ్చు.